షెడ్డులో గ్యాస్ వాసన వస్తే ముందు పురుగును మరిచిపోండి

చలి దిగింది. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు, ఇటు హొసూరు, కృష్ణగిరి వైపు రాత్రిపూట షెడ్డులో వేడి నిలవడం లేదు. చాకీ పురుగుకు 27, 28 డిగ్రీలు కావాలి. పెద్ద పురుగుకు 24, 25 అయినా ఉండాలి. బొగ్గుల కుంపటి పొగ పురుగుకు పడదని కొందరు గ్యాస్ హీటరుకు మారారు. ఇంకొందరు ఇంట్లో పొయ్యి సిలిండరునే సాయంత్రం షెడ్డుకు మోసుకెళ్తున్నారు. అందుకే ఈసారి ఆకు, మందుల సంగతి పక్కన పెట్టి గ్యాస్ సంగతి రాస్తున్నాం.

ఈ మాట ఎత్తితే రైతులు అడిగేది ఒకటే. "వాసన వచ్చిందని తలుపులన్నీ తీసేస్తే చలిగాలికి పురుగు ఏమైపోతుంది? నాలుగో జ్వరం లేచిన పంట, మూడు వారాల కష్టం కదా?" అడగడంలో తప్పులేదు. జవాబు కూడా సూటిగానే చెప్తాం. ఒక గంట చలికి పురుగు చావదు. 20 డిగ్రీలకు దిగితే తిండి తగ్గిస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది, పంట ఒక పూటో ఒక రోజో వెనకబడుతుంది. మళ్ళీ వేడి తగిలితే మేత మొదలుపెడుతుంది. ఆ గంట తలుపు తీయడానికి వెనకాడితే పోయేది పంట ఒక్కటే కాదు.

ఎందుకో తెలియాలంటే ఈ గ్యాస్ నడత తెలియాలి. ఎల్‌పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. గాలికంటే ఒకటిన్నర నుంచి రెండింతల బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా నేలమీద పారి పల్లంలో నిలుస్తుంది. మన షెడ్లలో వెంటిలేటర్లు పైన ఉంటాయి. కింద ఉన్న కంతలను చలికి భయపడి గోనెలతో మూసేస్తాం. కిటికీలకు ఊజి ఈగ వల, దాని మీద ప్లాస్టిక్ పట్ట. అంటే గ్యాస్ బయటికి పోవాల్సిన దారినే మనం మూసి పెట్టాం. స్టాండు కింది అర మోకాలెత్తులో ఉంటుంది, గ్యాస్ చేరేదీ అక్కడే.

గాలిలో ఈ గ్యాస్ 2 శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఇంటి సిలిండరులో 14.2 కిలోలు ఉంటుంది. అదంతా కారి గాలిలో కలిస్తే సుమారు 300 ఘనపు మీటర్ల గాలి మండేదిగా మారుతుంది. 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తున్న షెడ్డు మొత్తం అంతే. పైగా గ్యాస్ అంతటా సమంగా పరుచుకోదు, నేల దగ్గరే ఉంటుంది. కాబట్టి అందులో పదో వంతు కారినా ప్రమాదమే. షెడ్డులో అంటుకునే వస్తువులకు కరువా? చాకీ మీద కప్పే మైనపు కాగితం, ఎండిన మల్బరీ కట్టెలు, వెదురు చంద్రికెలు, ప్లాస్టిక్ వలలు, అన్నీ ఉంటాయి.

గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కుళ్ళు కంపు మందు కలుపుతారు. మన షెడ్డులో ఇబ్బంది ఏమిటంటే, బ్లీచింగ్ పౌడరు, ఫార్మలిన్ కొట్టిన రోజు ఆ ఘాటులో ఈ కంపు తెలియకపోవచ్చు. పడకలో పేడ, మిగిలిన ఆకు కుళ్ళిన వాసన మామూలే అనుకుంటాం. కాసేపు లోపలే ఉంటే ముక్కు కూడా అలవాటు పడిపోతుంది. బయటనుంచి లోపలికి అడుగు పెట్టగానే వచ్చిన మొదటి వాసననే నమ్మండి. ఆ తర్వాత తగ్గినట్టనిపిస్తే నమ్మకండి.

వాసన వచ్చింది. లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆపొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాను అసలే వేయొద్దు. స్విచ్‌లో పుట్టే చిన్న మెరుపు చాలు. ఫోను టార్చి కూడా లోపల ముట్టుకోవద్దు. హీటరు మంట వెలుగుతుంటే, దాని దగ్గరికి పోవడానికి వీలుంటే రెగ్యులేటరు ఆపండి. మనుషుల్ని బయటికి పంపండి. పోతూ పోతూ తలుపులు బార్లా తీయండి, కింది కంతల గోనెలు లాగేయండి. పురుగు తట్టలు మోయడానికి మాత్రం ఎవరూ లోపల ఆగొద్దు.

ఇక్కడ చాలామంది ఆలోచించని సంగతి ఒకటుంది. వేడి తగ్గితే తనంతట తానే ఆన్ అయ్యే కరెంటు హీటరు ఇప్పుడు చాలా షెడ్లలో ఉంది. గ్యాస్ పోవాలని తలుపు తీస్తాం, చలిగాలి వస్తుంది, మీటరు చలిని పసిగట్టి హీటరు ఆన్ చేస్తుంది. మెరుపు మనం పుట్టించకపోయినా అది పుట్టిస్తుంది. అందుకే షెడ్డు కరెంటు మెయిను బయట, దూరంగా, నడుమెత్తుకు పైన ఉండాలని మేము గట్టిగా చెప్తాం. అలా ఉంటే వెంటనే అక్కడే ఆపేయండి. మెయిను లోపలే ఉంటే దాని జోలికి పోకండి, దూరంగా వెళ్ళిపోండి.

సిలిండరు మూతి దగ్గరే లీకు అయితే, మంట లేకపోతే, రెగ్యులేటరు ఊడదీసి దారానికి వేలాడే తెల్ల మూత గట్టిగా నొక్కి పెట్టాలి. నిలబెట్టే బయటికి మోయాలి. పడుకోబెట్టి దొర్లిస్తే గ్యాస్ బదులు ద్రవమే బయటికి వస్తుంది. ఆ ద్రవం చేతికి తగిలితే చలికి చర్మం కాలినట్టే అవుతుంది, మామూలు నీళ్ళు 15 నిమిషాలు పోయాలి. సిలిండరును బావి గట్టున, కాలవ పక్కన, కంపోస్టు గుంట దగ్గర పెట్టొద్దు. గ్యాస్ అందులోకి దిగి నిలుస్తుంది.

మంట లేచినప్పుడు పద్ధతి వేరు. మూతి దగ్గర చిన్న మంట అయితే తడిపిన గోనె సంచి పక్కనుంచి కప్పి, మంట ఆరగానే రెగ్యులేటరు ఆపాలి. ఆపడానికి వీలు లేకపోతే ఆ మంటను ఆర్పకూడదు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ మండుతున్న గ్యాస్ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. ఆర్పాక కారే గ్యాస్ కనబడదు, ఊరంతా పరుచుకుని ఎక్కడో పొయ్యి దగ్గర అంటుకుంటుంది. చుట్టుపక్కల కట్టెలు, చంద్రికెలు లాగేసి, కరెంటు ఆపి, దూరం నుంచి సిలిండరు మీద నీళ్ళు కొట్టి చల్లబరచండి. తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయరు పొడుగు పైపు ఇందుకు పనికొస్తుంది. మంట లేకుండా గ్యాస్ మాత్రం కారుతున్నప్పుడు ఆ స్ప్రేయరు ఇంజను దగ్గరలో స్టార్టు చేయొద్దు. సిలిండరునే మంట చుట్టేస్తే ఇక ఏ పనీ వద్దు, అందరూ దూరం పారిపోవాలి. లోపలి ద్రవం మరిగి ఒత్తిడికి సిలిండరు పగులుతుంది.

2022 డిసెంబరు 8న రాజస్థాన్‌లో జోధ్‌పూర్ జిల్లా భుంగ్రా గ్రామంలో పెళ్ళింట్లో సిలిండరు లీకై మంటలు లేచాయి. పెళ్ళికొడుకు ఊరేగింపు బయలుదేరే వేళ, ఇల్లంతా జనం. 30 మందికి పైగా చనిపోయారు. మన దగ్గర అంత జనం చేరేది పురుగు పండిన రోజున. చంద్రికెలకు ఎక్కించడానికి కూలీలు పది పదిహేను మంది, వాళ్ళకు వంట షెడ్డు మూలనే. ఆ ఒక్క రోజైనా పొయ్యి బయట, చెట్టు కింద పెట్టండి.

ముందుగా చూసుకోవాల్సినవి పెద్ద ఖర్చు కావు. ఎలుకలు రబ్బరు పైపు కొరుకుతాయి, షెడ్డులో ఎలుకలకు కొదవ లేదు. నారింజ రంగు సురక్షా పైపు వాడండి, 5 ఏళ్ళకు మార్చండి. లీకు ఉందో లేదో సబ్బు నురగ పూసి చూడండి, అగ్గిపుల్లతో కాదు. సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద బి 27 లాంటి అక్షరం, అంకె ఉంటాయి. ఎ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. బి 27 అంటే 2027 జూన్ లోపు ఆ సిలిండరును మళ్ళీ పరీక్ష చేయాలని. గడువు దాటినది ఇస్తే తీసుకోకండి. ఇంటి సిలిండరును షెడ్డుకు వాడటం రూలుకు విరుద్ధం కూడా. ఏదైనా జరిగితే బీమా దగ్గర ఇబ్బంది పడతారు. ఇంకొకటి, గ్యాస్ హీటరు వెలుగుతున్న మూసిన షెడ్డులో ఎవరూ నిద్రపోకూడదు.

సిలిండరు తెచ్చిన మనిషి రెగ్యులేటరు ఎలా ఊడదీయాలో సాధారణంగా మగవాళ్ళకే చూపించి పోతాడు. రాత్రి పది గంటల మేత, తెల్లవారుజాము మేత వేసేది మన ఇళ్ళల్లో ఎక్కువగా అక్కలు, చెల్లెళ్ళు. వాళ్ళ చేత ఒకసారి ఊడదీయించి, మూత పెట్టించి చూడండి.

గ్యాస్ లీకుకు ఫోను నంబరు 1906, ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ కంపెనీ సిలిండరు అయినా, రాత్రీ పగలూ పని చేస్తుంది. మంట లేస్తే 112 లేదా 101. ఈ నంబర్లు షెడ్డు లోపల గోడ మీద రాసి ప్రయోజనం లేదు, ఫోను చేయాల్సింది బయటికొచ్చి, దూరం పోయి. కాబట్టి కళ్ళం దగ్గరో, ఇంటి వాకిలి గోడ మీదో పెయింటుతో రాయించండి. దాని కిందే షెడ్డుకు దారి గుర్తు కూడా రాయించండి, పాల డెయిరీ పక్క సందు, చెరువు కట్ట దాటి రెండో తోట అని. అర్ధరాత్రి గాబరాలో ఫోను పట్టుకున్న మనిషికి ఆ దారి చెప్పడం తోచదు, చూసి చదివితే సరిపోతుంది.