శేషాద్రి సోపానమార్గం

అలిపిరి పాదాలమండపంలో శ్రీవారి పాదుకలను శిరస్సున ధరించి, మెట్టుమెట్టుకూ పసుపుకుంకుమలు అలంకరిస్తూ కొండకు సాగే భక్తులు తాము నడిచేది అడవిలోనని మరువరాదు. సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ప్రయాస అధికం. ఆపై దారి చాలావరకు సుగమమే. మోకాళ్ళపర్వతం మాత్రం నిటారు. శ్రీరామానుజులవారు దానిని మోకాళ్ళతోనే అధిరోహించారని పెద్దలమాట.

ఎర్రచందనానికి పుట్టినిల్లయిన ఈ శేషాచల అరణ్యాన్ని 2010లో జీవావరణ రక్షితప్రాంతంగా ప్రకటించారు. 2023 ఆగస్టులో ఈ మార్గంలోనే ఒక పసిబాలికను చిరుత బలిగొన్నది. అటుపిమ్మట భక్తులకు చేతికర్రలు అందించారు. కర్ర మంచిదే. కాని మనం పారవేసిన ఎంగిలికి కుక్కలు, ఆ కుక్కలకోసం చిరుతలు మెట్లచెంతకు వస్తాయి. మిగిలిన పులిహోర పొట్లాన్ని సంచిలోనే ఉంచుకోండి; పిల్లలను ముందుకు పరుగెత్తనీయకండి.