‘అగ్రెషన్’ శబ్దార్థ విచారము

ఆంగ్లమునందలి ‘అగ్రెషన్’ అను శబ్దము పత్రికలందును, న్యాయగ్రంథములందును, మనశ్శాస్త్రమునందును విరివిగా వాడబడుచున్నది. ధ్వనిసామ్యమును బట్టి దీనిని మన ‘ఆగ్రహ’ శబ్దముతోనో ‘ఉగ్ర’ శబ్దముతోనో ముడిపెట్టుట సులభము. కాని యది భ్రాంతి. ఆగ్రహము గ్రహధాతుజన్యము, గట్టిగా పట్టుట దాని మూలార్థము. ఆంగ్లశబ్దము పుట్టుకకు పట్టుటతోగాని కోపముతోగాని సంబంధము లేదు.

ఈ శబ్దము లాటిను భాషనుండి ఫ్రెంచి ద్వారమున 17వ శతాబ్ది యారంభమున ఆంగ్లమును జేరినది. లాటినున ‘గ్రదీ’ యనగా అడుగు వేయుట. ‘గ్రదుస్’ అనగా అడుగు, మెట్టు. దీనికి ముందు ఆభిముఖ్యమును దెలుపు ‘అద్’ అను నుపసర్గము చేరగా, దకారము పరమైన గకారముతో సమీకృతమై ‘అగ్గ్రెదీ’ యను రూప మేర్పడెను. సంస్కృతమున ‘ఉద్గమ’ మనునది ప్రాకృతమున ‘ఉగ్గమ’ మగుట యిట్టిదే. కాబట్టి అగ్రెషన్ అనగా, అవయవార్థమున, ఒకనివైపు అడుగు వేయుట మాత్రమే. కాంగ్రెసు, ప్రోగ్రెసు అను మాటలును ఈ ధాతువునకు వేఱు వేఱు ఉపసర్గములు చేరుటచే గలిగినవే: మొదటిది కూడి నడచుట, రెండవది ముందునకు నడచుట.

ఇట సంస్కృతముతో గల పోలిక గమనింపదగినది. క్రమధాతువునకు పాదవిక్షేప మర్థము. ఆఙ్ చేరగా ‘ఆక్రమణము’ సిద్ధించును. ధాతువులు వేఱైనను, కూర్పు ఒక్కటియే. అర్థభేదమును ఉపసర్గమును రూపమును నిర్ణయించుట పాణిని చూపినాడు: సూర్యాది జ్యోతిస్సుల యుదయ మర్థమైనపుడు ‘ఆక్రమతే’ అని ఆత్మనేపదము; తదితరార్థములందు ‘ఆక్రామతి’. ప్ర, ఉప యను వానితో గూడి యారంభార్థమున ‘ప్రక్రమతే, ఉపక్రమతే’ యగును. లాటిను ‘అగ్గ్రెదీ’కి సైతము సమీపించుట, పలుకరించుట, పనికి బూనుట, పైబడుట అను నర్థములన్నియు గలవు. దీని నామరూపమును సిసెరో ఉపన్యాసారంభమునకు వాడినాడు. అనగా దోషము ధాతువునందు లేదు, ప్రయోగవశమున వచ్చినది.

ఆంగ్లమున మాత్రము మొదటినుండియు పైబడుట యను నర్థమే ప్రబలెను. 1908లో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ మనస్సునందలి యొక సహజప్రేరణకు ఈ పేరు పెట్టుటతో అది బాహ్యకృత్యమును దాటి అంతఃకరణధర్మమును గూడ దెలుపజొచ్చెను. తరువాత వర్తకులు ‘అగ్రెసివ్’ అను విశేషణమును చొఱవకు బ్రశంసగా వాడిరి.

న్యాయశాస్త్రమున దీని యర్థనిర్ణయము రాజ్యములకే ముఖ్యమైనది. భారత రాజ్యాంగపు 352వ అధికరణము యుద్ధమును, బాహ్యదురాక్రమణమును వేఱుగా బేర్కొన్నది. 1962 అక్టోబరు 26న అత్యవసర పరిస్థితి దానిననుసరించియే ప్రకటింపబడెను. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధిసభ 1974 డిసెంబరు 14న దీనికి నిర్వచన మొసగినది: ఒక రాజ్యము మఱొక రాజ్యముయొక్క సార్వభౌమత్వమునకుగాని, భూభాగమునకుగాని, రాజకీయ స్వాతంత్ర్యమునకుగాని విరుద్ధముగా సాయుధబలమును బ్రయోగించుట. సమితి శాసనమును మీఱి ముందుగా బలమును వాడుటయే ప్రథమదృష్ట్యా సాక్ష్యమని యందు గలదు. తొలియడుగు వేసినవా డెవ్వడను ప్రశ్నయే నేటికిని నిలిచియుండుటచే, ధాత్వర్థము పూర్తిగా నశింపలేదని తెలియుచున్నది.

ఇక తెలుగున దీని కేమి వ్రాయవలెను? కేవల ‘ఆక్రమణము’ చాలదు. తెలుగున దానికి పరుల భూమిని గైకొనుట యను నర్థము రూఢము. రాజ్యవిషయమున ‘దురాక్రమణము’ తగును. అధర్మమును దుర్ అను నుపసర్గము తెలుపును. మనశ్శాస్త్రమున నది పొసగదు. తల్లిచేతిని కొట్టు పసిబిడ్డ దురాక్రమణము చేసినదనుట హాస్యాస్పదము. అట ‘దుడుకుతనము’ లెస్స. వర్తకుని విషయమున ‘చొఱవ’ చాలును. మూలమున మాట యొక్కటియైనను, సందర్భ మెఱిగి మూడు మాటలు వాడుటయే యుచితము. లేనిచో బిడ్డ దుడుకుతనమును రాజ్యాపరాధమును ఒకే పేర బిలువబడును.