బ్యాక్టీరియా పేరు తేలితేనే సరైన మందు

వారాల తరబడి జ్వరం తగ్గకపోతే డాక్టర్ బ్లడ్ కల్చర్ రాస్తారు. రిపోర్టులో కనిపించే పొడవాటి పేరుతో మనకేం పని అనుకోకండి. ఏ మందు, ఎన్నాళ్లు వాడాలన్నది ఆ పేరును బట్టే ఉంటుంది.

కొత్త జాతి అని ఎలా తెలుస్తుంది?

మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తార్నాక, హబ్సిగూడ తర్వాత ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్. ఆ దగ్గర్లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇలాంటి పనిలో దిట్టలు. 2005లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ తెచ్చిన గాలి నమూనాల్లో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులున్నాయని 2009లో ప్రకటించారు. పుణె శాస్త్రవేత్తలూ ఇందులో భాగస్వాములే. ఒకదానికి ఆర్యభట్ట పేరు, మరోదానికి ఇస్రో పేరు పెట్టారు.

ముందుగా 16ఎస్ అనే జన్యువును చూస్తారు. తెలిసిన జాతులతో పోలిక 98.7 శాతం కంటే తక్కువైతే కొత్తది కావచ్చు. తర్వాత మొత్తం డీఎన్‌ఏను పోలుస్తారు. బతికున్న నమూనాను రెండు వేర్వేరు దేశాల్లో భద్రపరిస్తేనే పేరు ఖాయమవుతుంది.

డాల్ఫిన్లలో చిక్కుముడి

సీళ్లు, డాల్ఫిన్లలో బ్రుసెల్లా బ్యాక్టీరియా ఉందని 1994లో బయటపడింది. బ్రుసెల్లా జాతులన్నింటి డీఎన్‌ఏ దాదాపు ఒకటే కాబట్టి పై కొలత అక్కరకు రాలేదు. ఏ జంతువులో ఎక్కువగా ఉంటుంది, పెరగడానికి అదనపు కార్బన్ డయాక్సైడ్ కావాలా, డీఎన్‌ఏలో సూక్ష్మమైన తేడాలేంటి అని చూసి, 2007లో రెండుగా విడదీశారు. తిమింగలాలు, డాల్ఫిన్లలోది బ్రుసెల్లా సెటి. సీళ్లలోది బ్రుసెల్లా పిన్నిపీడియాలిస్.

మనకెందుకు?

దీని దాయాదులు మన ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెల్లో ఉన్నాయి. పచ్చిపాలు తాగినా, ఈసుకుపోయిన పశువును ఉత్త చేతులతో ముట్టుకున్నా మనుషులకు సోకవచ్చు. వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుము, కీళ్ల నొప్పులు దీని లక్షణాలు. ల్యాబ్ యంత్రాలు కొన్నిసార్లు దీన్ని అంతగా ప్రమాదం లేని ఓక్రోబాక్ట్రమ్‌గా పొరబడతాయి. అప్పుడు చికిత్స దారి తప్పుతుంది. ల్యాబ్ సిబ్బందికీ ముప్పే.

అందుకే పశువులతో పని చేస్తున్నా, పచ్చిపాలు తాగినా ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. బ్రుసెల్లా అని తేలితే పెద్దలకు సాధారణంగా రెండు రకాల యాంటీబయాటిక్స్ ఆరు వారాలు ఇస్తాం. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. పాలు మరిగించే తాగండి.