నారింజ రంగు తొట్టి

కొత్త సైకిల్ హ్యాండిల్‌లో మొహం చూసుకోని పిల్లలు ఉండరు. ఆ తళుకును స్టీలు మెరుపు అనేస్తాం గానీ అది ఉక్కుది కాదు. ఉక్కు మీద నికెల్ పూత ఉంటుంది. దాని మీద మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా లేని క్రోమియం పొర ఉంటుంది. వెలుగును తిప్పికొట్టే పని చాలావరకు నికెల్‌దే. క్రోమియం దానికి కాస్త నీలి ఛాయ అద్ది, చెమటకూ వానకూ మాసిపోకుండా కాపాడుతుంది. ఆ పలుచని పొర పుట్టే చోటు క్రోమిక్ ఆమ్లపు తొట్టి.

క్రోమియం కథ సైబీరియా గనుల్లోంచి వచ్చిన ఒక ఎర్రటి సీసపు ఖనిజంతో మొదలైంది. 1797లో పారిస్‌లో వోక్లాఁ అనే రసాయనవేత్త దాన్ని పొటాషియం కార్బొనేటుతో ఉడికించాడు. సీసం అడుగుకు చేరింది, పైన పసుపు ద్రావణం మిగిలింది. దాన్ని ఒక్కో లవణంతో కలిపితే ఒక్కో రంగు వచ్చింది. అందుకే ఆ ద్రావణంలో దాగిన కొత్త లోహానికి గ్రీకులో రంగు అని అర్థమొచ్చే పేరు పెట్టారు. కొండపల్లి కొండల్లో ఇదే లోహపు ఖనిజం, క్రోమైటు, ఉంది.

ప్లేటింగ్ షెడ్లకు క్రోమిక్ యాసిడ్ పేరుతో వచ్చేవి ముదురెరుపు పలుకులు. రసాయనికంగా అవి క్రోమియం ట్రైఆక్సైడు. గాలిలో తేమను పీల్చుకుని చెమర్చుతాయి. నీళ్లలో వేస్తే చిక్కని నారింజ రంగు ద్రావణమవుతుంది. ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోవడంలో దీనికి సాటి వచ్చేవి కొద్దే. ఆ పలుకుల మీద స్పిరిట్ చుక్క పడితే అగ్గిపుల్ల గీయకుండానే మంట లేస్తుంది. అందుకే నేల మీద ఒలికినప్పుడు రంపపుపొట్టు చల్లకూడదు, గుడ్డతో అద్దకూడదు. ఒకప్పుడు కెమిస్ట్రీ ల్యాబుల్లో గాజుసామానుకు పట్టిన జిడ్డును వదలగొట్టింది కూడా దీని ఈ గుణమే.

ఈ ద్రావణంలోంచి కరెంటుతో క్రోమియాన్ని రాబట్టాలని పందొమ్మిదో శతాబ్దంలోనే ప్రయత్నించారు. ఒకరోజు పూత పడేది, మరో రోజు అదే పద్ధతిలో చేసినా పడేది కాదు. కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. డైక్రోమేటుకు గంధకామ్లం కలిపి క్రోమిక్ ఆమ్లాన్ని తయారుచేస్తారు కనుక సరుకులో ఎంతో కొంత సల్ఫేటు మిగిలిపోయేది, ఎంతన్నది ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. 1920ల్లో అమెరికాలో సార్జెంట్, ఆ వెంటనే కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్, ఆయన శిష్యుడు ఎల్డ్రిడ్జ్ ఆ గుట్టు విప్పారు. నూరు పాళ్ల క్రోమిక్ ఆమ్లానికి ఒక్క పాలు సల్ఫేటు ఉండాలి. బాగా తగ్గినా, బాగా పెరిగినా పూత చెడుతుంది. లీటరు ద్రావణానికి 250 గ్రాముల పలుకులు, రెండున్నర గ్రాముల గంధకామ్లం అన్న ఆనాటి పాళ్లే ఈనాటికీ చాలా షెడ్లలో నడుస్తున్నాయి. ఒక కళను కొలతకు లొంగదీసిన ఈ పనిని నేను చాలా గొప్పగా భావిస్తాను. పదేళ్లు తిరక్కుండానే కార్ల బంపర్లు, కుళాయిలు ధగధగలాడాయి. ఇదే పొరను మందంగా వేస్తే రాపిడికి అరగదు, అందుకే జేసీబీ చేతిని లేపే హైడ్రాలిక్ రాడ్లకూ ఈ పూతే వేస్తారు.

చిక్కు తొట్టి పని తీరులోనే ఉంది. నికెల్ పూతలో నికెల్ పలకే కరిగి వస్తువు మీదికి చేరుతుంది. ఇక్కడ పాజిటివ్ కొసన వేలాడేవి సీసపు పలకలు. క్రోమియమంతా ద్రావణంలోంచే రావాలి. పైగా పంపిన కరెంటులో పూతకు పనికొచ్చేది ఐదో వంతు కూడా కష్టమే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం హైడ్రోజన్ బుడగలకు పోతుంది. తొట్టి సలసల కాగుతున్నట్టే కనిపిస్తుంది. పైకొచ్చి పగిలే ప్రతి బుడగా ఆమ్లపు తుంపరను గాలిలోకి విసురుతుంది. ఆ గాలినే పనివాడు పీలుస్తాడు.

పూత పుట్టి నాలుగైదేళ్లు కాకముందే, 1928లో, అమెరికాలో బ్లూమ్‌ఫీల్డ్, బ్లమ్ అనే ఇద్దరు ప్లేటింగ్ షెడ్ల గాలిని కొలిచి, పనివాళ్ల ముక్కులు పరీక్షించారు. రెండు ముక్కుపుటాల మధ్య ఉండే మెత్తటి ఎముక గోడకు కన్నాలు పడటం చూశారు. చేతుల మీద పుళ్లు లేచి లోతుగా గుంటలు పడేవి. నన్ను ఎక్కువగా కలచివేసేది ఏమిటంటే, ఈ కన్నాలూ పుళ్లూ చాలామందిలో నొప్పి పెట్టవు. నొప్పి లేని గాయానికి కూలి మానుకుని డాక్టరు దగ్గరకు ఎవరు వెళ్తారు?

ఊపిరితిత్తుల్లో జరిగేది ఇంకా లోతైన హాని. తొట్టిలో పూతకు సాయపడిన సల్ఫేటుకూ, క్రోమిక్ ఆమ్లం నుంచి వచ్చే క్రోమేటుకూ ఆకారంలో దగ్గర పోలిక ఉంది. మన కణాలకు సల్ఫేటు అవసరం, దాన్ని లోపలికి రానిచ్చే దారులు వాటికి ఉన్నాయి. ఆ దారుల్లోనే క్రోమేటు కూడా దూరుతుంది. లోపల ఎలక్ట్రాన్లు లాక్కుంటూ ఆరు వేలన్సీ రూపం నుంచి మూడు వేలన్సీ రూపానికి మారే క్రమంలో డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఆరు వేలన్సీ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 1990లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

గాలి సంగతి ఇలా ఉంటే, నీటిది మరో కథ. చిత్తూరుకు దగ్గరలోని రాణిపేటలో క్రోమేట్లు తయారుచేసి 1990ల్లో మూతపడిన ఒక కర్మాగారం లక్ష టన్నులకు పైగా వ్యర్థాన్ని వదిలిపోయింది. అక్కడి భూగర్భజలం పసుపు రంగుకు మారింది. హైదరాబాద్‌లోని బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల్లో చిన్న ప్లేటింగ్ షెడ్లలో వస్తువులను కడిగిన నీళ్లకు మాత్రం మందు ఉంది, అదీ ఖరీదైనది కాదు. ఆమ్లంగా ఉన్న ఆ నీటిలో సోడియం బైసల్ఫైటు కలిపితే నారింజ రంగు కళ్లముందే ఆకుపచ్చగా మారుతుంది. అంటే ఆరు మూడయింది. తర్వాత సున్నం వేస్తే క్రోమియం బురదగా అడుగుకు దిగుతుంది. ఈ రెండు డ్రమ్ముల పని ఎగ్గొట్టి కాలువలోకి వదిలేవారిని నేను క్షమించలేను.

తుంపరను అణచడానికి తొట్టి మీద ప్లాస్టిక్ బంతులు తేలవేశారు, నురగ మందులు కలిపారు. ఆ మందుల్లో కొన్ని స్వయంగా ప్రకృతిలో నశించని విషాలని తర్వాత తెలిసింది. కాలిఫోర్నియా 2023లో గట్టి నిర్ణయం తీసుకుంది. అలంకారపు పూతకు ఈ తొట్టి 2027 నుంచి (అదనపు జాగ్రత్తలు తీసుకున్న షెడ్లలో 2030 నుంచి) ఉండకూడదు, మందపు పూతకు 2039 నుంచి. బదులుగా వస్తున్నది మూడు వేలన్సీ క్రోమియం తొట్టి. మందపాటి పూతలో అది ఇంకా పాతదానికి సాటి రావడం కష్టంగానే ఉంది. అలంకారపు పూతకు మాత్రం ఎప్పుడో సిద్ధమైంది. దాని రంగు కొంచెం నల్లగా ఉంటుందని కొందరు కొనుగోలుదారులు ఒప్పుకోరు. ఆ తేడా తెలియాలంటే రెండు కుళాయిలను పక్కపక్కన పెట్టి ఎండలో చూడాలి.