దారి తవ్వుకున్నాకే పోటీ

సైకిల్ పోటీ అంటే మనకు తెలిసింది ఒక్కటే. ఎవరో వేసిన రోడ్డు ఉంటుంది, ఎవరో సున్నంతో గీత గీస్తారు, ఈల వేయగానే తొక్కడమే! మరి పోటీకి వచ్చిన అమ్మాయే పార, పలుగు భుజాన వేసుకుని కొండెక్కి, తన దారి తానే తవ్వుకోవాలంటే?

అమెరికాలో యూటా రాష్ట్రంలో వర్జిన్ అని ఓ చిన్న ఊరుంది. చుట్టూ ఎర్రటి ఇసుకరాతి కొండలు. రెడ్ బుల్ రాంపేజ్ అనే మౌంటెన్ బైక్ పోటీ జరిగేది అక్కడే. కొండ కొస నుంచి సైకిల్ మీద కిందికి దిగాలి. దిగడమంటే బ్రేకు పట్టుకుని మెల్లగా కాదండోయ్, గట్ల మీంచి దూకుతూ, గాలిలో పల్టీలు కొడుతూ! ముందెవరు వచ్చారని చూడరు, ఎలా వచ్చారో చూసి మార్కులు వేస్తారు. ఎంచుకున్న దారి ఎంత కష్టమైనదన్న దానికీ మార్కులున్నాయి. అంటే దారి వేయడమే సగం పోటీ.

ఒక్కొక్కరికి తోడుగా ఇద్దరు మనుషులు. గడువు కొద్దిరోజులే. యంత్రాలు పెట్టకూడదు. చేతి పనిముట్లు, మట్టి నింపే సంచులు, నీళ్లు... అంతే.

ముందు కొండంతా కాలినడకన తిరిగి ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ దూకాలో చూసుకుంటారు. తర్వాత వదులు రాళ్లు దొర్లించి, కొండ అంచుని చెక్కి, చక్రం పట్టేంత బాట చేస్తారు. అన్నిటికంటే చాకిరీ సైకిల్ వచ్చి వాలే చోటుది. అది చదునుగా ఉంటే ఎముకలు మిగలవు. వచ్చే వేగానికి తగ్గట్టు ఏటవాలుగా ఉండాలి. అందుకని సంచుల్లో అక్కడి మట్టే నింపి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన తడిమట్టి మెత్తి, పార వెనకవైపుతో కొట్టి కొట్టి గట్టి చేస్తారు. కళ్లాపి చల్లిన వాకిలి ఎందుకు అణిగి ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా! కానీ అది ఎడారి. తడి చేసినంతసేపు పట్టదు, మళ్లీ ఎండి పొడిపొడిగా రాలుతుంది. ఆ నీళ్లు కూడా పైకి మోసుకెళ్లాల్సిందే. చేతులు బొబ్బలెక్కి, నడుం పడిపోయాక, అప్పుడు సైకిలెక్కి కొండ మీంచి దూకాలి!

ఈ పోటీ మొదలైంది 2001లో. చాలా ఏళ్లు అది మగవాళ్ల పోటీయే. "ఆడవాళ్లకి అంత ప్రమాదం దేనికి?" అంటారా? కొండ మగవాళ్లనీ వదల్లేదు. 2015లో పాల్ బాసగోయిటియా ఇక్కడే పడి, వెన్నెముక దెబ్బతిని, నడుం కింది భాగం చచ్చుబడింది. ప్రమాదం అందరికీ ఒకటే అయినప్పుడు వద్దో కావాలో తేల్చుకోవాల్సింది దూకేవాళ్లే కదా!

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఇలాంటి కొండలో దారి ఎక్కడ తీయాలో చదివితే వచ్చేది కాదు, తవ్వితేనే వస్తుంది. తవ్వే అవకాశమే లేకపోతే నేర్చుకునేదెప్పుడు? 2019లో కేటీ హోల్డెన్ అనే ఆవిడ అదే వర్జిన్ దగ్గర 'ఫార్మేషన్' పేరుతో ఆడవాళ్లను పోగుచేసింది. మార్కుల్లేవు, గెలుపోటముల్లేవు. దారులు ఎంచుకోవడం, తవ్వుకోవడం, ఒకరిని చూసి ఒకరు దూకడం. పైకి పిక్నిక్‌లా కనిపించినా, తర్వాతి కథకు పునాది అక్కడే పడిందని నాకనిపిస్తుంది.

2024 అక్టోబర్లో మొదటిసారి రాంపేజ్‌లో ఆడవాళ్లకు పోటీ పెట్టారు. వచ్చింది పట్టుమని పదిమంది కూడా కాదు. న్యూజిలాండ్ అమ్మాయి రాబిన్ గూమ్స్ ఆ కొండ మీద వెనక్కి పల్టీ కొట్టి మరీ దిగి, మొదటి స్థానం పట్టుకుపోయింది. కెనడా అమ్మాయి జార్జియా ఆస్టిల్‌ది రెండో స్థానం. టీవీలో చూసినవాళ్లకు కనిపించింది ఆ కాసేపటి దూకుళ్లే. అన్ని రోజుల మట్టిపనిని ఎవరు చూస్తారు చెప్పండి!

మరుసటి ఏడు, 2025లో, ఆడవాళ్లు మళ్లీ పారలు పట్టుకుని కొండెక్కారు. ఈసారి కూడా మొదటి స్థానం గూమ్స్‌దే.