ఎండ మండితే విమానం ఎందుకు మొరాయిస్తుంది?

మే నెల మిట్టమధ్యాహ్నం బస్సు ఇంజిన్ వేడెక్కి ఆగిపోయిందంటే మనకి పెద్దగా ఆశ్చర్యం ఉండదు. అదే ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో "ఎండ ఎక్కువగా ఉందండీ, ఈ విమానం ఎగరదు" అని చెబితే మాత్రం ఒళ్లు మండుతుంది. "మమ్మల్ని వెర్రివాళ్లనుకుంటున్నారా?" అని గొడవకి దిగుతాం. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో మైనస్ యాభై డిగ్రీల చలిని తట్టుకునే విమానానికి కింద కాసే ఎండ ఒక లెక్కా అనిపిస్తుంది కదా!

నిజానికి లెక్కే. ప్రతి టేకాఫ్‌కి ముందు వేసి తీరాల్సిన లెక్క.

పలచబడే గాలి

విమానాన్ని ఇంజిన్ ముందుకి తోస్తుంది. పైకి లేపేది మాత్రం రెక్కల చుట్టూ పారే గాలి. ఆ గాలి ఎంత చిక్కగా ఉంటే రెక్కకి అంత బలం. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుందని బడిలోనే చదువుకున్నాం. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల్లో ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. 45 డిగ్రీలకి అది సుమారు 1.11 కిలోలకి పడిపోతుంది. అంటే ఇంచుమించు పది శాతం పలచన. అంతే బరువుని లేపాలంటే విమానం దాదాపు అయిదు శాతం ఎక్కువ వేగం అందుకోవాలి. వేగం పెరగాలంటే పరుగు పెరగాలి. పరుగు పెరగాలంటే రన్‌వే ఉండాలి.

పోనీ, ఇంజిన్‌ని ఇంకాస్త గట్టిగా తిప్పితే సరిపోదా? అక్కడే రెండో చిక్కు. జెట్ ఇంజిన్ బతికేదే గాలిని పీల్చి. చాలా ఇంజిన్లు సముద్ర మట్టం దగ్గర సుమారు 30 డిగ్రీల దాకా పూర్తి బలం ఇస్తాయి. ఆ పైన లోపలి టర్బైన్లు మితిమీరి వేడెక్కకుండా బలం తగ్గించుకోక తప్పదు. అంటే ఎక్కువ బలం కావాల్సిన రోజునే ఇంజిన్ తక్కువ బలం ఇస్తుందన్నమాట.

మన శంషాబాద్ సంగతే చూడండి. ఎత్తు 617 మీటర్లు. ఎండ 42 డిగ్రీలున్న రోజున అక్కడి గాలి పలచదనం దాదాపు 1,650 మీటర్ల ఎత్తున మామూలు రోజుల్లో ఉండే గాలితో సమానం. మన చిత్తూరు వైపు హార్స్‌లీ హిల్స్ కూడా అంత ఎత్తుండవు! రన్‌వే కదల్లేదు, కానీ విమానం లెక్కలో ఊరు కొండెక్కి కూర్చుంది. శంషాబాద్‌లో 4,260 మీటర్ల పొడవైన రన్‌వే ఉంది కాబట్టి మనకి ఈ తేడా పెద్దగా తెలియదు. రన్‌వే పొట్టిగా ఉన్నచోట తెలుస్తుంది.

లెక్క ఏ రోజు కోసం?

"పది శాతమే కదా, కాస్త సర్దుకోలేరా?" అనిపించొచ్చు. సర్దుకోకపోవడానికి కారణం ఉంది. ఈ లెక్కలు అన్నీ సవ్యంగా జరిగే రోజు కోసం వేసేవి కావు. సరిగ్గా రన్‌వే మీద పరుగెత్తేటప్పుడు ఒక ఇంజిన్ ఆగిపోతే ఏంటన్నది అసలు ప్రశ్న.

ప్రతి టేకాఫ్‌కీ ఒక నిర్ణయ వేగం ఉంటుంది. పైలట్లు దాన్ని 'వీ వన్' అంటారు. ఆ వేగం అందుకునే లోపు తేడా వస్తే, మిగిలిన రన్‌వేలోనే బ్రేకులు వేసి ఆగగలగాలి. అది దాటాక తేడా వస్తే, మిగిలిన ఒక్క ఇంజిన్‌తోనే పైకి లేచి ఎదురుగా ఉన్న గుట్టనో, భవనాన్నో దాటగలగాలి. ఈ రెండూ కుదిరేంత బరువుతోనే విమానం కదలాలి. ఎండ ముదిరేకొద్దీ ఆ బరువు తగ్గుతూ వస్తుంది. మామూలుగా ముందు సరుకు దించుతారు. అదీ చాలకపోతే కొన్ని సీట్లు ఖాళీగా ఉంచుతారు. ఆ ఖాళీ సీటు కంపెనీకి నష్టమే. లోపల కూర్చున్నవాళ్లకి మాత్రం అది ప్రాణానికి అడ్డు వేసిన కవచం.

ఫీనిక్స్‌లో ఏం జరిగింది?

అమెరికాలోని ఫీనిక్స్ ఎడారి నగరం. ఆ చుట్టుపక్కల చాండ్లర్ లాంటి చోట్ల మన తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్లు బాగానే ఉన్నారు. 1990 జూన్ 26న అక్కడ ఎండ 50 డిగ్రీలు తాకింది. ఎయిర్‌పోర్ట్‌లో కొంతసేపు టేకాఫ్‌లు ఆపేశారు. ఎందుకంటే, అంత వేడిలో ఎంత బరువుకి ఎంత రన్‌వే కావాలో చెప్పే అంకెలు అప్పటి పట్టికల్లోనే లేవు. మా సాఫ్ట్‌వేర్ భాషలో అది టెస్ట్ చేయని ఇన్‌పుట్. బహుశా విమానం లేచేదేమో. కానీ 'బహుశా' అన్న మాట మీద వంద మందిని రన్‌వే మీద పరుగెత్తించరు కదా!

2017 జూన్‌లో మళ్లీ అదే ఊరు. ఎండ 48 డిగ్రీలు దాటుతుందని ముందే తెలిసింది. బొంబార్డియర్ సీఆర్‌జే అనే చిన్న జెట్‌లకి అనుమతించిన పరిమితి 47.8 డిగ్రీలు. దాంతో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పేరుతో నడిచే ఆ చిన్న విమానాలు నలభైకి పైగా రద్దయ్యాయి. పెద్ద బోయింగ్, ఎయిర్‌బస్ విమానాల పరిమితి 52 డిగ్రీల పైన ఉండటంతో అవి నడిచాయి.

చల్లటి ఊళ్లోనూ ఎండ దెబ్బే

ఇది ఎడారుల గొడవే అనుకుంటే పొరపాటు. 2024 జులై చివర్లో లదాఖ్‌లోని లేహ్‌కి వెళ్లాల్సిన విమానాలు ఎండ వల్ల రద్దయ్యాయి. మంచు కొండల ఊళ్లో ఎండేమిటంటారా? ఆ ఎయిర్‌పోర్ట్ ఉన్నదే 3,256 మీటర్ల ఎత్తులో. మామూలుగానే అక్కడ గాలి పలచన. 33 డిగ్రీల ఎండ తోడైతే అది 4,500 మీటర్ల ఎత్తున ఉండే గాలితో సమానం. మనకి హాయిగా అనిపించే 33 డిగ్రీలు అక్కడి విమానానికి నిప్పుల కొలిమే. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే వెళ్లి వచ్చేయడానికి గాలి వాటంతో పాటు ఈ వేడి కూడా ఒక కారణం.

ముందున్నది ఇంకా ముదురు

కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 2017లో ఒక అంచనా వేశారు. ఈ శతాబ్దం మధ్య నుంచి చివరికల్లా, రోజులో ఎండ బాగా ముదిరే వేళ బయల్దేరే విమానాల్లో 10 నుంచి 30 శాతం వాటికి ఎంతో కొంత బరువు తగ్గించుకోక తప్పదట.

భవిష్యత్తు దాకా ఎందుకు, జరిగిందే చూడండి. గ్రీస్‌లోని కియోస్ అనే దీవిలో రన్‌వే పొట్టిది. అక్కడ ఎయిర్‌బస్ ఏ320 లేపగలిగే బరువు 1988 నుంచి 2017 దాకా ఏటా సగటున 127 కిలోల చొప్పున తగ్గుతూ వచ్చిందని 2020లో బ్రిటన్ పరిశోధకులు లెక్క తేల్చారు. ఎండ పెరగడం ఒక కారణమైతే, ఎదురుగాలి తగ్గడం ఇంకో కారణం. 127 కిలోలంటే సుమారుగా ఒక మనిషీ, అతని సామానూ. రన్‌వే అదే, విమానం అదే. అయినా ఏడాదికో మనిషి చొప్పున దిగిపోతున్నట్టే.

రన్‌వేలు పొడిగించొచ్చు, ఇంజిన్లు మెరుగుపరచొచ్చు. కానీ అందుకు డబ్బు కావాలి, స్థలం కావాలి. కొండల మధ్యో, సముద్రం ఒడ్డునో ఉన్న చిన్న ఊళ్లకి ఆ రెండూ అంత తేలిగ్గా దొరకవు. అలాంటిచోట విమానం ఆగితే టూరిస్టు ప్లాన్ ఒక్కటే కాదు, అర్జంటుగా వైద్యానికి వెళ్లాల్సిన మనిషి ప్రయాణం కూడా ఆగుతుంది.

మనం చేయగలిగింది

వేసవిలో చిన్న ఎయిర్‌పోర్ట్‌ల నుంచో, కొండ ఊళ్ల నుంచో వెళ్లాల్సి వస్తే తెల్లవారుజాము విమానమే మేలు. రోజు మొత్తంలో గాలి కాస్త చిక్కగా ఉండేది అప్పుడే. తర్వాత ఇంకో విమానం పట్టుకోవాలంటే రెండింటి మధ్య టైమ్ ఎక్కువ ఉంచుకోండి. మందులు, ముఖ్యమైన కాగితాలు చేతి సంచీలోనే పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసు మర్నాడు వచ్చినా పని ఆగదు.

మనకి ఇంకో చిక్కుంది. కొత్తావకాయ జాడీలతో అమెరికాలోని పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు బయల్దేరేది సరిగ్గా ఈ ఎండల్లోనే. అంటే విమానానికి బరువు భారమయ్యే రోజుల్లోనే మన పెట్టెలూ బరువెక్కుతాయి! ఇంకో జాడీ పెట్టేముందు ఆ సంగతి ఒక్కసారి గుర్తు చేసుకుంటే చాలు.

ఎప్పుడైనా "ఎండ వల్ల ఆలస్యం" అన్న మాట వినబడితే విసుగు రావడం సహజమే. కానీ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఆ లెక్క వేయలేదు, అరిచినంత మాత్రాన గాలి చిక్కబడదు. ఈ బరువుతో లేవలేనని ముందే చెప్పే పైలట్ చేతిలో మనం క్షేమంగా ఉన్నట్టే.