నేతి ముద్ద – పిల్లల బుర్ర

పరీక్షలు దగ్గరపడితే మన తెనాలి వైపు తల్లులు పిల్లవాడి పళ్లెంలో మరో గరిటె నెయ్యి వేస్తారు. “తిను నాయనా, బుర్ర పదునెక్కుతుంది” అంటారు. మేమూ ఆ ముద్ద తినే పెరిగాం. ఆ మాటలో నిజమెంత?

మెదడులోని నీటిని తీసివేస్తే మిగిలేదానిలో సగానికి పైగా కొవ్వే. ఒంట్లోని కొలెస్టరాల్‌లో సుమారు 20 శాతం అక్కడే ఉంది. అయితే మనం తిన్న కొలెస్టరాల్ మెదడుకు చేరదు. తనకు కావలసింది మెదడే తయారుచేసుకుంటుంది. పైగా కొవ్వు మేత ఎక్కువగా పెట్టిన ఎలుకల మెదడులో కొవ్వుల పాళ్లు మారాయనీ, జ్ఞాపకశక్తి తగ్గిందనీ పలు పరిశోధనలు చూపాయి. పెద్దవాళ్లకైతే రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని పక్షవాతం వచ్చే భయం ఉండనే ఉంది.

మెదడు బయటినుంచి కోరే కొవ్వు వేరు. దాని పేరు ఒమేగా-3. నిజాంపట్నం రేవులో దిగే కవళ్లు, కానాగంతల వంటి సముద్రపు చేపల్లో అది బాగా ఉంటుంది. వేపుడుకన్నా పులుసు మేలు. వేపుడు చేసినా, కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది.

కాబట్టి తల్లులారా, నెయ్యి మానిపించనక్కరలేదు. ఒక చెంచా చాలు. రెండో గరిటెకు బదులు వారానికి రెండుసార్లు చేపల పులుసు పెట్టండి. రాత్రి పిల్లవాణ్ణి కంటినిండా నిద్రపోనివ్వండి.